ట్రెమోలోనా, ఫిక్స్‌డ్ బ్రిడ్జా? తక్కువ బడ్జెట్ ఎలక్ట్రిక్ గిటార్‌కి ఏది మేలు

మొదటి ఎలక్ట్రిక్ గిటార్ కొనేవాళ్ళు రంగు గురించి అడుగుతారు, బ్రాండ్ గురించి అడుగుతారు, చెక్క ఏదని అడుగుతారు. బ్రిడ్జ్, అంటే గిటార్ ఒంటి మీద తీగలు ఆనే లోహపు భాగం, ఏ రకమని అడిగేవాళ్ళు చాలా తక్కువ. కానీ 15,000 నుంచి 25,000 రూపాయల మధ్య దొరికే గిటార్ కొన్న మూడో నెలలో కూడా మీ చేతిలో ఉంటుందా, మూలన పడుతుందా అన్నది చాలావరకు ఆ బ్రిడ్జ్ మీదే ఆధారపడి ఉంటుంది. తీగలు శ్రుతిలో నిలవని గిటార్ మీద ఎవరికీ సాధన చేయబుద్ధి కాదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళయితే తప్పు తమదే అనుకుంటారు, గిటార్‌ది అనుకోరు. నాకు బాధ కలిగించేది ఇదే.

అందుకే నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ ధరలో కదిలే భాగాలు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. ఫిక్స్‌డ్ బ్రిడ్జ్, అంటే షాపుల్లో హార్డ్‌టైల్ అని కూడా పిలిచే రకం, ఎక్కువమందికి మేలు. ట్రెమోలో, అంటే బార్ అనే చిన్న కడ్డీ నొక్కి స్వరాన్ని జారించగలిగే కదిలే బ్రిడ్జ్, ఎవరికి నిజంగా అవసరమో కూడా చెబుతాను.

ఫెండర్ కంపెనీ 1954లో తెచ్చిన స్ట్రాటోకాస్టర్‌తో స్ప్రింగుల బ్రిడ్జ్, అంటే ఈ ట్రెమోలో, బాగా ప్రచారంలోకి వచ్చింది. ఫెండర్ వారి చవక బ్రాండ్ స్క్వయర్‌లో సోనిక్ స్ట్రాట్ (స్ట్రాటోకాస్టర్), యమహా పసిఫికా 012, ఇంకా ఆన్‌లైన్‌లో కనిపించే చాలా చవక గిటార్లు ఆ బాటలోనివే. రెండో వైపు 1950 నాటి టెలీకాస్టర్ డిజైన్, 1952లో గిబ్సన్ తెచ్చిన లెస్ పాల్ డిజైన్ ఉన్నాయి. వీటిలో బ్రిడ్జ్ కదలదు. మన బడ్జెట్‌లో ఈ వైపు చూడదగ్గవి స్క్వయర్ సోనిక్ టెలీకాస్టర్, గిబ్సన్ వారి చవక బ్రాండ్ ఎపిఫోన్‌లో లెస్ పాల్ స్పెషల్. స్ట్రాట్ ఆకారమే కావాలి, ట్రెమోలో వద్దు అనుకునేవాళ్ళకి స్క్వయర్‌లో హెచ్‌టీ (హార్డ్‌టైల్) అని పేరు చివర ఉండే మోడల్ కూడా ఉంది. ఈ సంగతి షాపులో మనంతట మనం అడిగితే తప్ప చెప్పరు.

ట్రెమోలో పనిచేసే తీరు తక్కెడ లాంటిది. ఒక పక్క ఆరు తీగల లాగుడు, ఇంకో పక్క గిటార్ వెనుక గదిలో బిగించిన మూడు నుంచి ఐదు స్ప్రింగుల లాగుడు. బార్ నొక్కితే బ్రిడ్జ్ ముందుకు వంగుతుంది, తీగలు వదులవుతాయి, స్వరం కిందికి జారుతుంది. వదిలితే సరిగ్గా మొదటి చోటికే రావాలి. అలా రావాలంటే బ్రిడ్జ్ వాలే అంచు, తల దగ్గర తీగలు ఆనే నట్‌లోని గాడులు, ట్యూనింగ్ కీలు అన్నీ నున్నగా, బిగువుగా ఉండాలి. చవక గిటార్లలో సరిగ్గా ఇక్కడే డబ్బు మిగుల్చుకుంటారు. తీగ నట్ గాడిలో ఇరుక్కుంటుంది, బ్రిడ్జ్‌ని పట్టి ఉంచే ఆరు స్క్రూలు ఒక్కోటి ఒక్కోలా బిగించి ఉంటాయి. ఒకసారి బార్ నొక్కి వదిలితే రెండు మూడు తీగలు శ్రుతి తప్పుతాయి.

బార్ ముట్టుకోకపోతే సరిపోతుంది కదా అని చాలామంది అంటారు. సరిపోదు. మన దగ్గర ఎలక్ట్రిక్ గిటార్ పట్టినవాళ్ళలో ఎక్కువమంది వాయించేది పాట మెలొడీ. కొందరు కీర్తనలు కూడా ప్రయత్నిస్తారు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్‌ని ఐదు ఒంటి తీగలకు మార్చుకుని గమకాలు పలికించారు. అది విన్న తర్వాత ఫ్రెట్లున్న (మెడ మీద లోహపు మెట్లున్న) వాద్యం మీద గమకం పలకదని ఎవరూ అనలేరు. గిటార్ మీద ఆ పని చేయాలంటే తీగను వేలితో పక్కకు లాగాలి. ట్రెమోలో బ్రిడ్జ్ గాలిలో తేలుతూ ఉంటే, మీరు లాగిన తీగ బిగువు పెరగగానే బ్రిడ్జ్ కొంచెం ముందుకు వంగుతుంది, మిగతా ఐదు తీగలూ కిందికి దిగుతాయి. పక్కన షడ్జమంగా మోగుతున్న ఓపెన్ తీగ అపశ్రుతి అవుతుంది. పైగా కావలసిన స్వరం అందుకోవడానికి తీగను ఇంకా దూరం లాగాలి. ఫిక్స్‌డ్ బ్రిడ్జ్ మీద ఈ రెండు ఇబ్బందులూ లేవు. మన సంగీతం వాయించేవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. నా లెక్కలో ఈ పోలిక మొత్తాన్ని తేల్చేసేది ఇదే.

షాపులో దీన్ని పరీక్షించడం తేలిక. ఫోన్‌లో ట్యూనర్ యాప్ తెరిచి ఆరు తీగలూ శ్రుతి చేయించండి. మందపు ఇ తీగను మీటి, అది మోగుతుండగానే జి తీగను ఏడో ఫ్రెట్ దగ్గర బాగా లాగండి. బ్రిడ్జ్ తేలుతూ ఉంటే మందపు తీగ స్వరం జారడం చెవికే తెలుస్తుంది. తర్వాత బార్ నాలుగైదు సార్లు నొక్కి వదిలి మళ్ళీ ట్యూనర్ చూడండి.

ట్రెమోలో అక్కర్లేదని నేను అనను. ఇంగ్లండ్ రాక్ గిటారిస్టు జెఫ్ బెక్ ఆ బార్‌తో గిటార్‌ని గొంతులా పాడించాడు, అది వేరే ఏ పద్ధతిలోనూ రాదు. మీకు కావలసింది ఆ శబ్దమే అయితే ట్రెమోలోనే తీసుకోండి, కాకపోతే ఈ ధరలో నట్ బాగుచేయించడానికి కొంత డబ్బు పక్కన పెట్టండి. గిటార్ మొత్తం నచ్చింది, బ్రిడ్జ్ ఒక్కటే అనుమానం అనుకుంటే దానికీ దారి ఉంది. వెనుక మూత తీసి, స్ప్రింగులను పట్టి ఉంచే రెండు పెద్ద స్క్రూలను బిగిస్తే, లేదా ఇంకో స్ప్రింగు తగిలిస్తే, బ్రిడ్జ్ ప్లేటు గిటార్ ఒంటికి ఆనుకుని కూర్చుంటుంది. అప్పుడు తీగ లాగినా కదలదు. బార్ కిందికి నొక్కడం మాత్రం కుదురుతుంది. షాపువాళ్ళ చేతే చేయించుకోండి, ఎందుకంటే ఆ తర్వాత తీగల ఎత్తు, శ్రుతి మళ్ళీ సరిచేయాలి. ఫ్లాయిడ్ రోజ్ పద్ధతి తాళాల బ్రిడ్జ్ మాత్రం ఈ ధరలో వద్దే వద్దు. ఒక్క తీగ తెగితే అన్నీ శ్రుతి తప్పుతాయి, తీగ మార్చాలంటే అలెన్ కీతో కుస్తీ పట్టాలి.

ఇక పికప్‌లు, అంటే తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగాలు. సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్ శబ్దం తేటగా, పదునుగా ఉంటుంది. కానీ మన కరెంటు 50 హెర్ట్జ్ గొణుగుడును అది యాంటెనాలా పట్టేస్తుంది. ట్యూబ్‌లైటు, ఇన్వర్టర్, ఫ్యాన్ రెగ్యులేటర్, చార్జర్ అన్నీ ఒకే గదిలో ఉండే మన ఇళ్ళలో, కొంచెం డిస్టార్షన్ (గరగరలాడే రాక్ శబ్దం) పెట్టగానే ఆ హమ్ పాటను మింగేస్తుంది. దీనికి మందుగానే గిబ్సన్‌లో పనిచేసిన సెత్ లవర్ 1955 ప్రాంతంలో రెండు కాయిళ్ళ హంబకర్‌ని తయారు చేశాడు. టెలీకాస్టర్‌లో మామూలుగా రెండూ సింగిల్ కాయిళ్ళే, కాబట్టి హమ్ తప్పదు. ఈ ధరలో దొరికే లెస్ పాల్ స్పెషల్ మోడళ్ళలో రెండూ హంబకర్లే. పసిఫికా 012లో బ్రిడ్జ్ దగ్గర హంబకర్, మిగతా రెండూ సింగిల్ కాయిళ్ళు. ఏ రకం పాట ఇష్టమో ఇంకా తేలనివాళ్ళకి పసిఫికా అమరికే అన్నిటికన్నా పనికొస్తుంది. ట్రెమోలో ఉన్నా నేను దాన్ని లిస్టులోంచి తీసేయకపోవడానికి కారణం ఇదే.

హమ్ వింటున్నప్పుడే ఇంకో పరీక్ష కూడా చేయండి. తీగల మీద చెయ్యి పెడితే హమ్ తగ్గాలి. తగ్గితే లోపలి వైరింగు సరిగానే ఉన్నట్టు. ఎక్కువైతే వైరింగులోనో ఎర్తింగ్‌లోనో లోపం ఉంది. ఇంట్లో ఆంప్‌కి (ఆంప్లిఫయర్‌కి) మూడు పిన్నుల ప్లగ్ ఉంటే ఎర్త్ పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల బోర్డులో పెట్టకండి. తీగలు ముట్టుకుంటే జిల్లుమంటే వెంటనే ఆపేసి ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. గిటారిస్టు చెయ్యి ఎప్పుడూ లోహపు తీగల మీదే ఉంటుంది, ఈ విషయంలో సర్దుకుపోవడం ప్రమాదం.

వేళ్ళ సుఖం సంగతికొస్తే స్కేల్ పొడవు, అంటే నట్ నుంచి బ్రిడ్జ్ దాకా మోగే తీగ పొడవు, చూడాలి. స్ట్రాట్, టెలీ, పసిఫికాలకు 25.5 అంగుళాలు, లెస్ పాల్ రకానికి 24.75. అవే తీగలు, అదే శ్రుతి పెట్టినా పొట్టి స్కేల్‌లో బిగువు దాదాపు 6 శాతం తగ్గుతుంది. తీగ లాగడం తేలికవుతుంది. చిన్న చేతులవాళ్ళకి, గమకాల మీద మనసున్నవాళ్ళకి అది నిజమైన లాభం. కాకపోతే లెస్ పాల్ రకం తల వెనక్కి వంగి ఉంటుంది, గిటార్ కింద పడితే విరిగేది ఎక్కువగా అక్కడే. కాలేజీకి బస్సులో మెత్తటి సంచిలో వేసుకుని తిరిగేవాళ్ళయితే తల వెనక్కి వంగని టెలీకాస్టరే నయం. పొడవు ఎక్కువైందనిపిస్తే 9-42 అనే సన్న రకం తీగలు వేయించుకోండి, చాలా తేడా తెలుస్తుంది.

ఒంటికి వాడిన చెక్క గురించి షాపులో అరగంట చెబుతారు. ఈ ధరలో దాని గురించి టెన్షన్ పడకండి. బరువు భుజానికి సరిపోతోందా అన్నది చూసుకుంటే చాలు.

చూడాల్సింది నెక్, అంటే గిటార్ మెడ. గిటార్‌ని తుపాకీ గురి చూసినట్టు బ్రిడ్జ్ వైపు నుంచి తల వైపు చూడండి, నెక్ మెలి తిరిగి ఉంటే వదిలేయండి, అది బాగుపడదు. అటూ ఇటూ ఉన్న రెండు ఇ తీగలు నెక్ అంచులకు సమాన దూరంలో ఉండాలి, లేకపోతే వాయిస్తుంటే సన్న తీగ అంచు దాటి జారిపోతుంది. మొదటి ఫ్రెట్, ఆఖరి ఫ్రెట్ దగ్గర ఒకే తీగను నొక్కి పట్టి ఏడెనిమిది ఫ్రెట్ల దగ్గర చూస్తే పావు మిల్లీమీటరు సందు కనిపించాలి. ఎక్కువ ఉన్నా, అసలు లేకపోయినా నెక్ లోపలుండే ట్రస్ రాడ్ అనే కడ్డీని తిప్పి సరిచేయొచ్చు, కంగారు పడనక్కర్లేదు. తీగల ఎత్తు 12వ ఫ్రెట్ దగ్గర మందపు వైపు 2 మిల్లీమీటర్లు, సన్న వైపు 1.5 చుట్టూ ఉంటే హాయిగా ఉంటుంది.

అరచేతిని నెక్ అంచు వెంట పైకీ కిందికీ జరపండి. ఫ్రెట్ల చివరలు గీసుకుంటే ఆ పని ఫ్యాక్టరీలో పూర్తి కాలేదన్నమాట. పొడి ఎండల్లో చెక్క కుదించుకుని ఇవి ఇంకా బయటికి వస్తాయి. ఆకురాయితో సరిచేయించొచ్చు, కానీ ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి. తర్వాత ప్రతి తీగ మీదా ప్రతి ఫ్రెట్ నొక్కి మీటండి. ఓపిక కావాలి, షాపతను విసుక్కున్నా ఆపకండి. ఏదో ఒక్క ఫ్రెట్ దగ్గరే స్వరం చచ్చిపోతుంటే పక్క ఫ్రెట్ ఎత్తుగా ఉందని అర్థం. ఆంప్ లేకుండా సన్నగా వినిపించే చిరుచప్పుడు ఆంప్‌లో వినిపించకపోతే పట్టించుకోవద్దు.

నట్‌ని పరీక్షించాలంటే నట్‌కీ ట్యూనింగ్ కీకీ మధ్య తీగను వేలితో నొక్కి వదిలి ట్యూనర్ చూడండి. స్వరం మొదటి చోటికి రాకపోతే తీగ గాడిలో ఇరుక్కుంటోంది. తీగలు నట్ దాటాక పక్కలకు విడిపోయే లెస్ పాల్ రకంలో జి తీగకు ఈ జబ్బు ఎక్కువ. చివరగా 12వ ఫ్రెట్ దగ్గర తీగను తేలిగ్గా తాకి మీటిన స్వరం, నొక్కి మీటిన స్వరం ఒకటే ఉండాలి. నొక్కినది ఎక్కువ పలికితే సాడిల్‌ని, అంటే బ్రిడ్జ్ మీద ఆ తీగ ఆనే ముక్కని, వెనక్కి జరపాలి. స్క్రూడ్రైవర్‌తో అక్కడికక్కడే అయ్యే పని. నాబ్‌లు తిప్పుతూ, స్విచ్ మారుస్తూ, కేబుల్ కదుపుతూ బరబర శబ్దం వస్తోందేమో వినండి. ఆన్‌లైన్‌లో కొంటే పెట్టె తెరిచేటప్పుడు వీడియో తీసి, రిటర్న్ గడువులోపే ఇవన్నీ చూసేయండి.

గిటార్, ఆంప్, బ్యాగు కలిపిన ప్యాక్ కొనడం కన్నా విడిగా కొనడం మంచిదని నేను అనుకుంటాను. ప్యాక్‌లో ఎక్కువగా కోత పడేది ఆంప్ మీదే. అపార్ట్‌మెంట్‌లో 10 వాట్లు ధారాళం. డబ్బు తక్కువైతే వాక్స్ ఆంప్లగ్ లాంటి హెడ్‌ఫోన్ ఆంప్‌తో మొదలుపెట్టి, మిగిలింది గిటార్‌ని సరిచేయించే సెటప్‌కి పెట్టండి.

ఎంచుకోమంటే మెలొడీ, గమకాలు వాయించేవాళ్ళకి ఎపిఫోన్ లెస్ పాల్ స్పెషల్ చెబుతాను. సినిమా పాటలకు రిథమ్ వాయిస్తూ పాడేవాళ్ళకి టెలీకాస్టర్. ఏదీ తేల్చుకోలేనివాళ్ళకి పసిఫికా 012, బ్రిడ్జ్ ఆనించి కూర్చోబెట్టించుకుని.

ఇదే డబ్బుకి ఒక మెట్టు పై గిటార్ సెకండ్ హ్యాండ్‌లో రావచ్చు. 2023లో సోనిక్ వచ్చాక దాని ముందు తరం స్క్వయర్ బులెట్లు పాత సరుకులో కనిపిస్తున్నాయి, వాటిలోనూ హెచ్‌టీ ఉంది. పాతదాంట్లో మొదటి మూడు ఫ్రెట్ల మీద తీగల కింద గుంటలు పడ్డాయేమో చూడండి, లోతుగా ఉంటే ఫ్రెట్లు మార్చే ఖర్చు గిటార్ ధరకే దగ్గరవుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్ళ నుంచి వచ్చిన గిటార్ అయితే సాడిల్ స్క్రూలకు తుప్పు పట్టిందేమో చూడండి, బిగుసుకుపోతే ఎత్తు సరిచేయడం కుదరదు. అమ్మే అతన్నే ట్రస్ రాడ్‌ని పావు చుట్టు అటూ ఇటూ తిప్పి చూపించమని అడగండి. తిరగకపోయినా, తిప్పనని అన్నా ఆ గిటార్ అక్కడే వదిలి వచ్చేయండి.