ఆ ఊదారంగు ప్రార్థన యాప్‌కి డబ్బు కట్టకండి

ఇజ్రాయెల్‌లో పెద్దవాళ్ల దగ్గర కేర్‌గివర్‌గా చేస్తున్న మన తెలుగువాళ్లందరూ ఇది చదవండి. 'యూదు స్త్రీల ప్రార్థనలు' అని ప్రకటనలు వస్తున్నాయే, ఊదారంగు గుర్తు యాప్, దానికి ఒక్క షెకెల్ కూడా కట్టకండి. కట్టేసి ఉంటే ఈరోజే ఆపేయించండి.

నేను హైఫాలో ఒక సవ్తా (హీబ్రూలో అమ్మమ్మ, నానమ్మ అని) దగ్గర ఉంటున్నాను. ఆవిడకి చూపు బాగా తగ్గింది, సిద్దూర్‌లో, అంటే యూదుల ప్రార్థన పుస్తకంలో, అక్షరాలు ఆనడం లేదు. ట్యాబ్‌లో పెద్దగా పెట్టుకుని చదువుకోవచ్చని ఆవిడ డబ్బుతోనే ఏడాది చందా కట్టాం.

పేరుకే స్త్రీల ప్రార్థనలు. పొద్దుటి ఆశీర్వచనాల్లో మగవాళ్లు తమను స్త్రీగా పుట్టించనందుకు దేవుణ్ణి స్తుతిస్తారు. ఆ చోట ఆడవాళ్లు తన చిత్తప్రకారం చేసినందుకు స్తుతిస్తారు. ఈ యాప్‌లో మగవాళ్లదే ఉంది. షబ్బాత్, అంటే శుక్రవారం సాయంత్రం మొదలయ్యే యూదుల విశ్రాంతి దినం, దానికి దీపాలు వెలిగించే వేళ కూడా తప్పే. సూర్యాస్తమయానికి జెరూసలేంలో 40 నిమిషాల ముందు, హైఫాలో 30 నిమిషాల ముందు వెలిగించడం ఆనవాయితీ. వీళ్లు ఏ ఊరు పెట్టినా 18 నిమిషాలే చూపిస్తారు. గోడమీద సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) క్యాలెండర్ ఉంది కాబట్టి సరిపోయింది.

ఇంతవరకైతే పోనీలే అనుకునేదాన్ని. అసలు దారుణం ఇది.

సవ్తా కూతురికి ఒంట్లో బాగాలేదు. బైబిల్ 119వ కీర్తనలో 22 హీబ్రూ అక్షరాలకూ అక్షరానికి 8 చొప్పున 176 వచనాలున్నాయి. జబ్బుపడ్డవాళ్ల పేరులోని అక్షరాల వరసలో ఆ వచనాలు ఏరి చదువుతారు. ఈ యాప్‌లో వాళ్ల పేరు రాస్తే చాలు, అన్నీ పేర్చి ఇస్తుంది. ఇలాంటి ప్రార్థనలో తండ్రి పేరు కాదు, ఫలానా తల్లి కూతురు అని తల్లి పేరు చెప్పాలి. అందుకని రెండు పేర్లూ అడిగింది. ఇది ఎవరికీ చేరదని కిందే రాసి ఉంది. సవ్తా ఒక్కో అక్షరం చెబుతుంటే నేను కొట్టాను.

ఆ శుక్రవారం దీపాలు వెలిగించాక, భోజనాల బల్ల దగ్గర ఉండగా అలమారులో ట్యాబ్ టింగుమంది. అక్షరాలు పెద్దవి కాబట్టి కుర్చీలోంచే కనబడింది. కూతురి పేరు, తల్లి పేరు, కింద: 'ఈమె స్వస్థత కోసం పశ్చిమ గోడ దగ్గర 40 రోజుల ప్రార్థన, 720 షెకెల్స్, ఆలస్యం చేయకండి.' ఆగి ఆగి మళ్లీ మళ్లీ మోగింది. షబ్బాత్‌లో ఇలాంటి పరికరాలు వాడకూడదని ఆవిడ దాన్ని ముట్టుకోదు. కూతురి పేరు అలా వెలుగుతూ ఉంటే ముద్ద నోట్లో పెట్టకుండా దానివైపే చూస్తూ కూర్చుంది. డబ్బు కట్టకపోతే కూతురికి ఏమైనా అవుతుందేమో అని నన్ను అడిగింది. ఒక తల్లి భయాన్ని అంగట్లో పెట్టి అమ్ముకున్నారు వీళ్లు. నాకు కడుపు రగిలిపోతోంది.

షబ్బాత్ అయ్యాక వాళ్ల వాట్సాప్‌కి రాశాను. ఆ పేర్లు తీసేయండి, డబ్బు వెనక్కివ్వండి అన్నాను. 'నువ్వు పనిమనిషివి, మా ప్రార్థనల గురించి నీకేం తెలుసు, యజమానురాలిని మాట్లాడమను' అని జవాబొచ్చింది. సవ్తాయే వాయిస్ మెసేజ్ పెట్టింది. విన్నారు, నంబర్ బ్లాక్ చేశారు.

కొత్తగా కొన్నవాళ్లు 48 గంటల్లోపైతే గూగుల్ ప్లేలోనే రిఫండ్ అడగండి, తర్వాతైతే మళ్లీ వీళ్లనే బతిమాలాలి. యాప్ డిలీట్ చేసినంత మాత్రాన చందా ఆగదు, సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి క్యాన్సిల్ కొట్టాలి. ఏ ప్రార్థన యాప్‌లోనూ జబ్బుపడ్డవాళ్ల పేరు, తల్లి పేరు రాయకండి. శుక్రవారం సాయంత్రానికి నోటిఫికేషన్లు ఆపేయండి. సిద్దూర్, కీర్తనలు సెఫారియా అనే యూదు గ్రంథాల సైట్‌లో ఉచితంగానే ఉన్నాయి, ఇప్పుడు మేం అదే వాడుతున్నాం.