రౌటర్‌కు మినీ యూపీఎస్: మూడేళ్లు వాడాక

కరెంట్ పోయినా ఇంట్లో ఇంటర్నెట్ ఆగకుండా ఉంటే చాలు అనుకునేవాళ్లకు రౌటర్‌కు బ్యాటరీ నుంచి కరెంట్ ఇచ్చే చిన్న డబ్బా, అదే 12 వోల్టుల మినీ యూపీఎస్‌ను మించింది లేదు. మూడేళ్లకు పైగా రాత్రింబవళ్లు వాడి చెబుతున్న మాట ఇది. అయితే అట్టపెట్టె మీది అంకె చూసి కొంటే మాత్రం అనుకున్నంత సేపు రాదు. అందుకే ముందు ఆ లెక్క సంగతి.

నా దగ్గరున్న దాని మీద 8800 ఎంఏహెచ్, అంటే మిల్లీ ఆంపియర్-అవర్లు, అని ఉంది. లోపల నాలుగు లిథియం అయాన్ సెల్స్, ఒక్కోటి 2200. ఆ అంకె 3.7 వోల్టుల దగ్గర వేసిన లెక్క. రౌటర్‌కు కావలసింది 12 వోల్టులు. కాబట్టి ఎంఏహెచ్‌ను పక్కనపెట్టి వాట్-అవర్లు, అంటే ఎన్ని వాట్లు ఎన్ని గంటలు ఇవ్వగలదో, చూడాలి. 8.8ని 3.7తో గుణిస్తే 32 పైచిలుకు. వోల్టేజీని పెంచే సర్క్యూట్‌లో కొంత వేడిగా పోతుంది, చేతికి దక్కేది 27 దాకా. ఇక ఖర్చు: రౌటర్ అడాప్టర్ మీద 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉన్నా అది గరిష్ఠం. మీటర్ పెట్టి చూస్తే నా రౌటర్ లాగేది 6, 7 వాట్లు. ఫైబర్ వచ్చి చేరే డబ్బా, అదే ఓఎన్‌టీ, ఇంకో 4 వాట్లు. రెండూ కలిపి 11 వాట్లు అనుకుంటే రెండున్నర గంటలు రావాలి. కొత్తలో దాదాపు అంతే వచ్చింది. మీ ఇంట్లో రెండు డబ్బాలు వేరువేరుగా ఉంటే ఓఎన్‌టీని మరిచిపోవద్దు. రౌటర్ ఒక్కటే వెలిగితే వైఫై గుర్తు కనిపిస్తుంది, నెట్ మాత్రం రాదు.

దీనిలో నాకు బాగా నచ్చింది కరెంట్ పోయిన క్షణం. సెల్స్ ఎప్పుడూ లైన్‌లోనే ఉంటాయి కాబట్టి మధ్యలో తెంపు ఉండదు. లైట్లు ఆరిపోయినా మా అమ్మాయి ఆన్‌లైన్ క్లాసులో టీచర్ మాట ఒక్క అక్షరం కూడా తెగలేదు. ఎన్నాళ్లుగా ఆన్‌లో ఉందో చూపించే లెక్క రౌటర్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. కరెంట్ పోయి వచ్చాక అది సున్నా నుంచి మొదలైతే రౌటర్ రీస్టార్ట్ అయినట్టే. నా రౌటర్‌లో అది వారాల తరబడి పెరుగుతూనే ఉంటుంది. ఇంటి ఇన్వర్టర్ అయితే బ్యాటరీ వైపు మార్చే స్విచ్చు, అదే రిలే, మారేలోపు చిన్న ఖాళీ వస్తుంది. కొన్ని రౌటర్లు దాన్ని తట్టుకుంటాయి, కొన్ని పడిపోయి మళ్లీ లేస్తాయి. లేచి నెట్ అందుకునేసరికి రెండు మూడు నిమిషాలు పోతాయి, అవతల మీటింగ్‌లో మనం కనపడం.

కంప్యూటర్ యూపీఎస్ కూడా వాడి చూశాను. దానిలోని 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ల లెడ్ బ్యాటరీలో 84 వాట్-అవర్లు ఉంటాయి, చూడటానికి చాలా ఎక్కువ. కానీ అది బ్యాటరీ డీసీని ఏసీ చేస్తుంది, రౌటర్ అడాప్టర్ దాన్ని మళ్లీ డీసీ చేస్తుంది. ఇంత చిన్న లోడుకు ఆ యూపీఎస్ తన సొంతానికి తినే కరెంటే భారమవుతుంది. దానికి తోడు ఆ బీప్ బీప్ మోత. రాత్రిపూట భరించలేం.

పవర్ బ్యాంక్ పెడితే ఏమవుతుందని చాలామంది అడుగుతారు. యూఎస్‌బీ నుంచి 12 వోల్టులకు పెంచే కేబుల్‌తో నడుస్తుంది, అప్పటికప్పుడు అవసరానికి మంచిదే. శాశ్వతంగా అలాగే ఉంచడానికి మాత్రం చాలా పవర్ బ్యాంకులు పనికిరావు. ఛార్జర్ పెట్టినా తీసినా అవుట్‌పుట్ ఒక్క క్షణం ఆగుతుంది, రౌటర్‌కు ఆ క్షణం చాలు.

ఇప్పుడు ఇబ్బందుల సంగతి. మొదటిది, యూపీఎస్‌తో పాటు వచ్చిన అడాప్టర్. అది 12 వోల్టులు, 1 ఆంపియర్, అంటే 12 వాట్లు. రౌటర్, ఓఎన్‌టీ కలిసి 11 లాగేస్తే సెల్స్ ఛార్జింగ్‌కు మిగిలేది ఏముంది? ఉదయం ఒకసారి పోయిన కరెంట్ మధ్యాహ్నం మళ్లీ పోతే అరగంటకే చీకటి. 3 ఆంపియర్ల అడాప్టర్ పెట్టాక ఆ బాధ పోయింది. ఆంపియర్లు ఎక్కువైతే నష్టం లేదు, పరికరం తనకు కావలసినంతే లాగుతుంది. వోల్టేజీ మాత్రం ఇన్‌పుట్ దగ్గర రాసినదే ఉండాలి.

రెండోది పిన్ను. బయటి వ్యాసం 5.5 మిల్లీమీటర్లే అయినా లోపలిది 2.1 ఉంటుంది, 2.5 ఉంటుంది. పైకి చూస్తే తేడా తెలియదు. 2.1 ప్లగ్ 2.5 సాకెట్‌లోకి దూరనే దూరదు. 2.5 ప్లగ్ 2.1 సాకెట్‌లో దూరుతుంది గానీ వదులుగా ఉంటుంది. చీపురు తగిలి వైరు కాస్త కదిలితే రౌటర్ లైట్లన్నీ ఒక్కసారి ఆరి మళ్లీ వెలుగుతాయి. నెట్ సర్వీసు బాగాలేదని ఫిర్యాదు చేసేముందు ఆ పిన్నును వేలితో కదిపి చూడండి.

కొన్ని చౌక రకాల్లో మూడు సెల్స్‌ను వరసగా కలిపి నేరుగా బయటికి ఇస్తారు. అవి నిండుగా ఉన్నప్పుడు 12.6 వోల్టులు, ఖాళీ అయ్యేకొద్దీ 9 వైపు దిగిపోతాయి. ఛార్జ్ ఇంకా ఉండగానే రౌటర్ రీస్టార్ట్ అవుతూ ఉంటుంది. మల్టీమీటర్ ఉంటే బ్యాటరీ మీద గంటసేపు నడిపి అవుట్‌పుట్ కొలవండి. నాది చివరిదాకా 11.9 దగ్గరే నిలబడింది.

ఇంకో మాట కొనకముందే తెలుసుకోవాలి. ఫైబర్‌లో నడిచేది వెలుతురు. దారిలో ఒక ఫైబర్‌ను పలు ఇళ్లకు పంచే స్ప్లిటర్లకు సాధారణంగా కరెంట్ అక్కర్లేదు, అవతలి ఎక్స్‌ఛేంజ్‌లో బ్యాకప్ ఉంటే చాలు. కేబుల్ నెట్‌కైతే వీధిలోని యాంప్లిఫయర్లకు కూడా కరెంట్ కావాలి. కొన్నిచోట్ల ఫైబర్ లైన్‌లో కూడా మధ్యలో స్విచ్చులు పెడతారు. ఏరియా మొత్తం కరెంట్ పోయినప్పుడు ఎవరి దగ్గరైనా బ్యాటరీ అడిగి తెచ్చి ఓఎన్‌టీని వెలిగించండి. దాని మీద సిగ్నల్ లేదని చెప్పే ఎల్‌ఓఎస్ లైటు ఎర్రగా వెలిగితే లైనే చచ్చిపోయింది, ఎంత పెద్ద యూపీఎస్ పెట్టినా లాభం లేదు. లైన్ బతికే ఉంటే మాత్రం మొబైల్ సిగ్నల్ కుంటుతున్నప్పుడు వైఫై కాలింగ్‌తో హాయిగా మాట్లాడుకోవచ్చు. పెద్దవాళ్లున్న ఇంట్లో అది చాలా ధైర్యం.

రెండేళ్లు దాటాక బ్యాకప్ గంటన్నరకు దిగింది. ఇది సహజమే, ఎప్పుడూ ఫుల్ ఛార్జ్‌లో, వేడిలో ఉండే లిథియం సెల్స్ త్వరగా ముసలివవుతాయి. దాన్ని రౌటర్ మీద పెట్టకుండా పక్కన గాలి ఆడేచోట ఉంచితే మేలు. సెల్స్ మార్చడం మాత్రం స్పాట్ వెల్డింగ్ తెలిసినవాళ్లకే ఇవ్వండి, ఇంట్లో సోల్డరింగ్ వేడి సెల్‌కు తగలడం ప్రమాదం. కొత్తవి నాలుగూ ఒకే రకం వేయించాను, సెల్స్‌ను కాపాడే ప్రొటెక్షన్ బోర్డు పాతదే ఉంచారు. బ్యాకప్ మళ్లీ రెండు గంటలు దాటింది. ఈసారి కొనాల్సి వస్తే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ ఉన్నది చూస్తాను. నాలుగు వరసగా కలిపితే 12.8 వోల్టులు వస్తాయి, ఛార్జింగ్ సైకిళ్లు కూడా మామూలు లిథియం కన్నా ఎన్నో రెట్లు తట్టుకుంటాయి. డబ్బా కాస్త పెద్దదే, కానీ ఒకసారి పెట్టి కదపని వస్తువుకు అది పెద్ద లెక్క కాదు.