పెంపుడు జంతువుల సంరక్షణ: కేంద్రంలో చేరాలా, ఇళ్లకు వెళ్లాలా?

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవారు ముందు సంరక్షణ కేంద్రంలో ఉద్యోగం చేయాలని నా గట్టి అభిప్రాయం. అక్కడ రకరకాల స్వభావాలున్న కుక్కలు, పిల్లులు వస్తాయి. తోక ఊపే ప్రతి కుక్కా సంతోషంగా ఉన్నట్లు కాదని, ఒళ్లు బిగించి ఊపితే కరిచే అవకాశమూ ఉందని అనుభవజ్ఞులు పక్కనే ఉండి చూపిస్తారు. జీతం నెలనెలా వస్తుంది. శుభ్రం చేసే పని మాత్రం చాలా ఎక్కువ. గుంపులో కెనెల్ కాఫ్ అనే అంటుదగ్గు త్వరగా పాకుతుంది కాబట్టి టీకాల వివరాలు చూడకుండా ఏ కుక్కనూ చేర్చుకోకూడదు.

ఇళ్లకు వెళ్లి చూసుకునే పనిలో స్వేచ్ఛ ఉంది, ఆదాయం నిలకడగా ఉండదు. చోటు మారితే బెదిరిపోయే పిల్లులకు ఇదే మేలు. కానీ నిర్ణయాలన్నీ ఒంటరిగా తీసుకోవాలి. పిల్లి రెండు మూడు రోజులు తిండి మానేస్తే కాలేయం దెబ్బతినవచ్చు. ద్రాక్షపండ్లు తిన్న కుక్కకు మూత్రపిండాలు పాడయ్యే ప్రమాదం ఉంది. ఆ సమయంలో యజమాని ఫోను ఎత్తకపోతే? పశువైద్యుడి నంబరు, చికిత్సకు రాతపూర్వక అనుమతి ముందే తీసుకుని తీరాలి. పైగా ఇంటి తాళాలు అప్పగించేవారు తెలిసినవారి సిఫారసు అడుగుతారు. కేంద్రంలో బాగా పనిచేసినవారికి అది అక్కడే దొరుకుతుంది.