శని, ఆదివారాల్లో సిటీ ట్రిప్పు: బెంగళూరా, హైదరాబాదా, ఏది మేలు?

"హైదరాబాద్ దగ్గర కదా, అక్కడికే పోతే సరిపోదా?" అని కర్నూలు వాళ్ళు అడుగుతారు. అనంతపురం వాళ్ళు బెంగళూరు గురించి అదే మాట అంటారు. సొంత కారు లేకుండా, బస్సుల్లో రైళ్ళలో తిరిగి, తక్కువలో రెండు రోజులు గడిపి రావాలనుకునేవాళ్ళకు నా సలహా దీనికి తలకిందులు. కర్నూలు నుంచి బెంగళూరు మేలు, అనంతపురం నుంచి హైదరాబాద్ మేలు. రాత్రి నిద్రకు సరిపోయేంత దూరం ఉన్న ఊరికే డబ్బు, సమయం రెండూ కలిసొస్తాయి.

44వ నంబరు హైవే మీద చూస్తే హైదరాబాద్ నుంచి కర్నూలు సుమారు 215 కిలోమీటర్లు, కర్నూలు నుంచి అనంతపురం 150, అక్కడి నుంచి బెంగళూరు మళ్ళీ 215. అంటే ఎవరికైనా దగ్గరి సిటీ నాలుగైదు గంటలు, దూరపు సిటీ ఏడెనిమిది గంటలు.

చిక్కంతా ఆ నాలుగైదు గంటల్లోనే ఉంది. శుక్రవారం రాత్రి పదికి బస్సెక్కితే మూడింటికల్లా దింపేస్తాడు. ఆ వేళకు మెట్రో ఉండదు, సిటీ బస్సు ఉండదు. ఆటోవాడు అడిగిందే రేటు. లాడ్జికి పోతే ఆ మూడు గంటల నుంచే రోజు లెక్క మొదలవుతుంది. అలా కాదని శనివారం తెల్లవారుజామున బయల్దేరితే ఊళ్ళోకి అడుగుపెట్టేసరికి పదో పదకొండో అవుతుంది. అనంతపురం బస్సయితే హెబ్బాళ దగ్గర, కర్నూలు బస్సయితే శంషాబాద్ దాటాక ఆరాంఘర్ నుంచి ఇరుక్కుంటుంది. సామాను దింపి, మొహం కడిగి, తిని బయటపడేసరికి సగం రోజు పోయినట్టే. ఆదివారం సాయంత్రం నాలుగింటికి మళ్ళీ బస్టాండు చేరాలి. కలిసొచ్చేది దాదాపు 29 గంటలు, అందులో ఒక రాత్రి నిద్ర.

దూరపు సిటీకి శుక్రవారం రాత్రి ఎక్కితే శనివారం ఆరింటికి దిగుతారు, ఆదివారం రాత్రి తొమ్మిదికి తిరుగు బస్సెక్కుతారు. కలిసొచ్చేది 39 గంటలు. గది మాత్రం ఒక్క రాత్రికే. అదనంగా పెట్టేది తలకు మూడు నాలుగు వందల టికెట్టు. ఇద్దరు కలిసి గది తీసుకుని, అద్దె వెయ్యి అనుకున్నా తలకు ఐదు వందలు. శుక్రవారం రాత్రే దగ్గరి సిటీకి పోతే మూడింటికి తీసుకోవాల్సిన గది మిగిలింది కాబట్టి ఆ టికెట్టు డబ్బు అక్కడే వచ్చేసింది.

ఇక రైలా, బస్సా? పోయేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు బస్సు. కాచిగూడ–మైసూరు ఎక్స్‌ప్రెస్ (12785) సాయంత్రం కాచిగూడలో బయల్దేరి, భోజనాలయ్యాక కర్నూలు సిటీ స్టేషన్‌కు వచ్చి, తెల్లారేసరికి బెంగళూరు చేరుస్తుంది. ఎదురుగా వచ్చే 12786 బెంగళూరులో సాయంత్రం బయల్దేరి, రాత్రి అనంతపురంలో ఎక్కించుకుని, తెల్లవారుజామున కాచిగూడలో దింపుతుంది. స్లీపర్ టికెట్టు మూడు వందల లోపే. బస్సులో సూపర్ లగ్జరీకి దానికి రెట్టింపు పైనే అవుతుంది, పైగా కూర్చునే నిద్రపోవాలి.

అదే రైలును తిరుగు ప్రయాణానికి నమ్ముకుంటేనే దెబ్బ. బెంగళూరులో సాయంత్రమే ఎక్కాలి కాబట్టి ఆదివారం మధ్యాహ్నానికే మూట కట్టుకోవాలి. అంత చేసినా కర్నూల్లో దిగేది అర్ధరాత్రి దాటాక. హైదరాబాద్ నుంచి అనంతపురం వచ్చేవాళ్ళకూ ఇదే గతి. రైలు ఇంకా ముందుకు పోతుంది కాబట్టి నిద్రపట్టేస్తే స్టేషన్ దాటిపోతుంది. తప్పక అందులోనే రావాల్సివస్తే 139కి ఫోన్ చేసి డెస్టినేషన్ అలర్ట్ (దిగే స్టేషన్ వచ్చేముందు ఫోన్ మోగే ఏర్పాటు) పెట్టుకోండి. రాత్రి తొమ్మిది, పది మధ్య బయల్దేరే ఆర్టీసీ బస్సయితే తెల్లవారుజామున నాలుగైదు గంటలకు ఊళ్ళో దింపుతుంది. స్నానం చేసి సోమవారం పనికి పోవచ్చు.

వందేభారత్ సంగతి చాలామంది అడుగుతున్నారు. కాచిగూడ–యశ్వంతపూర్ వందేభారత్ 2023 సెప్టెంబరు 24న మొదలైంది. కర్నూల్లో, అనంతపురంలో ఆగుతుంది, హాయిగానూ ఉంటుంది. కానీ వారాంతపు ట్రిప్పుకు దాని వేళలు పనికిరావు. శనివారం మధ్యాహ్నం రెండు ప్రాంతంలో యశ్వంతపూర్‌లో దిగితే, ఆదివారం మూడు లోపే మళ్ళీ అక్కడ ఎక్కాలి. హైదరాబాద్ వైపు అయితే కాచిగూడ చేరేసరికి రాత్రి పదకొండు ప్రాంతం, అంటే ముందురోజే పోతే రెండు రాత్రుల గది అద్దె. వారంలో ఒకరోజు అది నడవదు కూడా, తేదీ చూసుకోండి. స్లీపర్‌కు పెట్టే డబ్బుకు ఎన్నో రెట్లు పెట్టి, సమయం తగ్గించుకోవడం ఎందుకు?

టికెట్టు విషయంలో ఒక మాట. కర్నూలు, అనంతపురం ఈ రైలుకు మధ్య స్టేషన్లు. ఇక్కడి నుంచి తీస్తే వెయిటింగ్ లిస్టు రిమోట్ లొకేషన్‌లోనో పూల్డ్ కోటాలోనో (మధ్య స్టేషన్లకు విడిగా ఉంచే కొద్దిపాటి బెర్తుల కోటాలు) పడే అవకాశం ఉంది. ఆ లిస్టు కదలడం కష్టం. అలా చూపిస్తే కాచిగూడ నుంచి బెంగళూరుకు టికెట్టు తీసి, బోర్డింగ్ పాయింటు కర్నూలు సిటీ అని బుక్ చేసేటప్పుడే పెట్టండి. అనంతపురం వాళ్ళు బెంగళూరు నుంచి కాచిగూడకు తీసి బోర్డింగ్ అనంతపురం పెట్టుకోవచ్చు. నూరు రూపాయల చిల్లర ఎక్కువవుతుంది, కానీ జనరల్ కోటాలో బెర్తు దొరికే ఆస్కారం పెరుగుతుంది. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటుంది. తత్కాల్ అయితే శుక్రవారం రైలుకు గురువారం ఉదయం 11 గంటలకు స్లీపర్ మొదలు. ఆన్‌లైన్ తత్కాల్‌కు 2025 జులై నుంచి ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి. అది ముందురోజే చేసిపెట్టుకోకపోతే 11 గంటలకు కూర్చుని ఓటీపీలతో కుస్తీ పట్టేలోపు బెర్తులు అయిపోతాయి.

దిగాక ఏ ఊరు సులువు? ఇక్కడ బెంగళూరుదే పైచేయి. సిటీ రైల్వే స్టేషన్ ముందు సబ్‌వే దాటితే మెజెస్టిక్. బస్టాండు అక్కడే, మెట్రో పర్పుల్, గ్రీన్ లైన్లు కలిసేదీ అక్కడే, తక్కువ అద్దె లాడ్జీలుండే గాంధీనగర్, కాటన్‌పేట కూడా నడిచిపోయేంత దూరమే. మెట్రో మామూలు రోజుల్లో ఐదింటికే మొదలవుతుంది, ఆదివారం మాత్రం ఏడింటికి. శనివారం ఉదయం దిగడం ఇందుకూ మంచిదే.

మెజెస్టిక్ నుంచి గ్రీన్ లైన్లో దక్షిణం వైపు వరుసగా నాలుగు స్టేషన్లు: చిక్కపేట, కేఆర్ మార్కెట్, నేషనల్ కాలేజీ, లాల్‌బాగ్. ఒక రోజంతా ఈ నాలుగింటితోనే గడిచిపోతుంది. పొద్దున్నే కేఆర్ మార్కెట్లో పూల సంత, దానికి దగ్గర్లోనే టిప్పు సుల్తాన్ వేసవి ప్యాలెస్, నేషనల్ కాలేజీలో దిగి నడిస్తే గాంధీబజారు, బసవనగుడి, ఎండ తగ్గాక లాల్‌బాగ్. ఆదివారం పర్పుల్ లైన్లో విధానసౌధ, కబ్బన్ పార్క్ స్టేషన్లు. ఆదివారం కబ్బన్ పార్కులోకి వాహనాలు రానివ్వరు కాబట్టి పిల్లలతో నడవడానికి హాయి. విశ్వేశ్వరయ్య మ్యూజియం ఆ పక్కనే. 2025 ఫిబ్రవరిలో ఛార్జీలు పెంచాక గరిష్ఠం 90 రూపాయలైందని భయపడుతున్నారు గానీ, ఈ చుట్టుపక్కల తిరిగితే ఒక్కోసారికి పది, ఇరవై, ముప్పై దాటదు. వైట్‌ఫీల్డ్ వైపు పోయేవాళ్ళకే ఆ బరువు. స్మార్ట్ కార్డు రెండు రోజులకు అనవసరం, అందులో కనీస బ్యాలెన్స్ ఉంచాలి, ఆ డబ్బు అక్కడే చిక్కుకుంటుంది. క్యూఆర్ టికెట్టు చాలు. బన్నేరుఘట్ట జూకు మెజెస్టిక్ నుంచి 365 నంబరు బస్సులో పోవచ్చు, కానీ పోను రాను సగం రోజు బస్సులోనే అయిపోతుంది. రెండు రోజుల ట్రిప్పులో దాన్ని దూర్చకండి.

హైదరాబాద్‌లో దిగడం కొంచెం గజిబిజి. కాచిగూడ స్టేషన్‌ను ఆనుకుని మెట్రో లేదు, సిటీ బస్సు పట్టుకుని కోఠి చేరాలి. ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఉంది గానీ ఆదివారం దాన్ని నమ్ముకుని ప్లాన్ వేయొద్దు. కోఠి చేరాక అంతా సులువే. అఫ్జల్‌గంజ్, నయాపూల్, పత్తర్‌గట్టి మీదుగా చార్మినార్ దాకా నడకే. తొమ్మిది లోపు పోతే 1591 నాటి ఆ కట్టడాన్ని తోపులాట లేకుండా చూడొచ్చు, లాడ్ బజారు ఇంకా షట్టర్లు ఎత్తుతూ ఉంటుంది. మక్కా మసీదు, చౌమహల్లా చూసుకుని తిరిగి వస్తూ సాలార్‌జంగ్ మ్యూజియం. ఈ మ్యూజియం, చౌమహల్లా రెండింటికీ సెలవు శుక్రవారం, కాబట్టి మన రోజులకు అడ్డం లేదు. ఆదివారం పొద్దున మెహదీపట్నం మీదుగా సిటీ బస్సులో గోల్కొండ. మధ్యాహ్నం రెడ్ లైన్ మెట్రోలో అసెంబ్లీ స్టేషన్ దగ్గర దిగి బిర్లా మందిర్. అక్కడి నుంచి అదే రెడ్ లైన్లో నాంపల్లి, గాంధీభవన్, ఉస్మానియా మెడికల్ కాలేజీ దాటితే ఎంజీబీఎస్. మెట్రో దిగితే మన బస్సు నిలిచే చోటే. గరిష్ఠ ఛార్జీ కూడా బెంగళూరుకన్నా తక్కువ, 2025 మే సవరణ తర్వాత 69.

బస్సు పాసుల్లో ఒక తేడా గుర్తుంచుకోవాలి. హైదరాబాద్ సిటీ బస్సులో కండక్టరు ఇచ్చే టీ-24 టికెట్టు కొన్న గంట నుంచి 24 గంటలు చెల్లుతుంది. శనివారం మధ్యాహ్నం కొంటే ఆదివారం మధ్యాహ్నం దాకా. బెంగళూరు బీఎంటీసీ డే పాసు మాత్రం ఆ రోజు అర్ధరాత్రితో సరి, సాయంత్రం నాలుగింటికి కొంటే దండగ.

ఆడవాళ్ళు అడిగే ప్రశ్న: ఉచిత బస్సు మనకు వర్తిస్తుందా? వర్తించదు. కర్ణాటక శక్తి పథకం ఆ రాష్ట్రం వాళ్ళకే, తెలంగాణ మహాలక్ష్మి తెలంగాణ వాళ్ళకే. ఆధార్‌లో మన చిరునామా చూస్తే టికెట్టు కొట్టాల్సిందే. 2025 ఆగస్టు 15న మన దగ్గర మొదలైన స్త్రీ శక్తి కూడా రాష్ట్రం దాటే బస్సుల్లో చెల్లదు. కాబట్టి బడ్జెట్టులో బస్సు డబ్బులు మగవాళ్ళతో సమానంగానే వేసుకోండి.

గది తీసుకునే వేళ మీదే సగం ఖర్చు ఆధారపడుతుంది. శనివారం ఆరింటికి దిగగానే లాడ్జికి పరుగెత్తొద్దు. మధ్యాహ్నం 12 చెకౌట్ పద్ధతి ఉన్నచోట పొద్దున్నే చేరితే శుక్రవారం రోజు కూడా లెక్కలో వేస్తారు. 24 గంటల చెకౌట్ ఉన్న లాడ్జి చూసుకోండి, కానీ అందులో చేరేది శనివారం సాయంత్రం నాలుగూ ఐదూ మధ్య. అప్పుడు ఆదివారం అదే వేళ దాకా గది మీదే. రోజంతా తిరిగొచ్చి, స్నానం చేసి, బట్టలు మార్చుకుని రాత్రి బస్సుకు సిద్ధం కావచ్చు. శనివారం పొద్దుటి స్నానానికి స్టేషన్‌లో వెయిటింగ్ హాలు, డబ్బులిచ్చి వాడే స్నానాల గది ఉంటాయి. కన్ఫర్మ్ టికెట్టు ఉంటే పీఎన్ఆర్ మీద రిటైరింగ్ రూము, డార్మిటరీ బెడ్డు కొన్ని గంటలకే బుక్ చేసుకునే వీలుంది.

సాయంత్రం దాకా సామాను క్లోక్ రూములో పెట్టాలి. ఇక్కడ చాలామందికి అడ్డం పడేది తాళం. జిప్పు బ్యాగుకు తాళం లేకపోతే కౌంటర్లో తీసుకోరు. రెండు జిప్పుల తలలూ కలిపి బిగించే చిన్న తాళం ఇంట్లోనే వేసుకుని బయల్దేరండి. రైలు టికెట్టు, గుర్తింపు కార్డు కూడా చూపించాలి. ఇచ్చిన రసీదును వెంటనే ఫోటో తీసుకోండి, పోగొట్టుకుంటే సామాను బయటకు తెచ్చుకోవడానికి పెద్ద తతంగం.

దగ్గరి సిటీయే మేలయ్యే సందర్భాలూ ఉన్నాయి. పెద్దవాళ్ళుంటే, బస్సులో కునుకు పట్టని మనిషయితే, సోమవారం ఎనిమిదింటికే డ్యూటీ ఉంటే దగ్గరి ఊరే నయం. ఒక్క రోజు చాలనుకునేవాళ్ళకూ అంతే, పొద్దున పోయి రాత్రికి వచ్చేస్తే గది గొడవే లేదు.

కడప వాళ్ళకు ఆలోచించే పనే లేదు. వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ రాత్రి కడపలో ఎక్కితే తెల్లారి కాచిగూడ, తిరుగులోనూ రాత్రి ప్రయాణమే. ఈ మూడు ఊళ్ళలో రెండు వైపులా రైలు కుదిరేది వాళ్ళకే. చెన్నైకి పోవాలనుకుంటే బస్సు వద్దు. ఆంధ్ర బస్సులు ఆగే మాధవరం ఊరికి ఓ మూలన ఉంది. రైలయితే ఊరి మధ్యకు చేరుస్తుంది, ఐదు రూపాయల నుంచి మొదలయ్యే లోకల్ రైళ్ళు అక్కడ పెద్ద వరం. మైసూరుకు 12785 నేరుగా పోతుంది, కానీ ప్యాలెస్ దీపాలు ఆదివారం రాత్రి చూసి సోమవారం పొద్దుటికి ఇంట్లో ఉండటం కష్టం. సోమవారం సెలవు కలిస్తేనే పెట్టుకోండి.

ఆదివారం రాత్రి బస్సు బుక్ చేసేటప్పుడు బోర్డింగ్ పాయింటును రెండుసార్లు చూడండి. కొన్ని సర్వీసులు ఊరికి అటు చివర బయల్దేరి వస్తాయి. టికెట్టు మీద పైన కనిపించేది ఆ మొదటి స్టాపు వేళ కావచ్చు, మీ స్టాపు వేళ వేరే ఉంటుంది. హైదరాబాద్‌లో సాయంత్రం గోల్కొండ, మెహదీపట్నం వైపే ఉండిపోతే ఎంజీబీఎస్ దాకా రాకుండా ఆరాంఘర్ పెట్టుకోవచ్చు, పాతబస్తీ ట్రాఫిక్ తప్పుతుంది. బెంగళూరులో మాత్రం హెబ్బాళ కన్నా మెజెస్టిక్‌లోనే ఎక్కండి. హెబ్బాళలో రోడ్డు పక్కన చీకట్లో నిలబడి ఏ బస్సు మనదో పోల్చుకోవడం కష్టం, ఒక్క నిమిషం ఏమరితే దాటిపోతుంది. బస్సు నంబరు, కండక్టరు ఫోను ఉన్న మెసేజీ బయల్దేరే ముందు వస్తుంది. ఆ వేళకు ఫోన్లో ఛార్జింగ్ ఉండేలా చూసుకోండి.