ఏ రాత్రి పెద్దది? 1960, 1980, 2016 అమెరికా అధ్యక్ష డిబేట్ల లెక్క

అమెరికా అధ్యక్ష అభ్యర్థుల డిబేట్లలో ఎక్కువమంది చూసినది ఏదని అడిగితే జవాబు సిద్ధంగా ఉంటుంది: 2016 సెప్టెంబరు 26న హిల్లరీ క్లింటన్, డొనాల్డ్ ట్రంప్ తలపడ్డ మొదటి డిబేట్. టీవీ వీక్షకులను లెక్కగట్టే నీల్సన్ సంస్థ అంచనాలో 8.4 కోట్ల మంది. దానికి ముందు 36 ఏళ్లపాటు రికార్డు 1980 అక్టోబరు 28న క్లీవ్‌లాండ్‌లో అప్పటి అధ్యక్షుడు కార్టర్, ఆయనపై పోటీచేసిన రీగన్‌ల మధ్య జరిగిన డిబేట్‌దే: 8.06 కోట్లు. రెండు ప్రధాన పార్టీల అభ్యర్థులు టీవీలో మొదటిసారి ఎదురెదురుగా నిలిచినది 1960 సెప్టెంబరు 26న, షికాగోలోని ఒక స్టూడియోలో. కెనడీ, నిక్సన్‌ల ఆ చర్చకు 6.64 కోట్లు. పత్రికలు ఈ మూడింటినీ ఇదే వరుసలో వేస్తాయి. పరిమాణమే కొలమానమైతే ఆ వరుసను తలకిందులు చేయాలన్నది నా వాదన.

జనాభాతో భాగించి చూడండి. 1960లో అమెరికా జనాభా సుమారు 17.9 కోట్లు. అంటే ఆ రాత్రి పసిపిల్లలతో సహా నూటికి 37 మంది టీవీ ముందున్నారు. 1980లో జనాభా 22.65 కోట్లు, చూసినవారు నూటికి 35 మంది దాటారు. 2016 నాటికి జనాభా 32 కోట్లు దాటింది. 8.4 కోట్లంటే నూటికి 26 మందే. రీగన్, కార్టర్‌ల స్థాయిని అందుకోవాలంటే క్లింటన్, ట్రంప్‌ల డిబేట్‌ను సుమారు 11.5 కోట్ల మంది చూసి ఉండాలి. అదే ఏడాది సూపర్ బౌల్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్‌కు 11.19 కోట్ల మంది వచ్చారు కాబట్టి అది అసాధ్యమైన సంఖ్యేమీ కాదు. కావాలనుకుంటే జనం వస్తారు. డిబేట్‌కు అంతమంది రాలేదు. 1980లో పరిస్థితి వేరు. ఆ ఏడాది సూపర్ బౌల్ కన్నా డిబేట్‌నే ఎక్కువమంది చూశారు. అయితే నాలుగు వారాలు తిరగకుండానే ఒక సీరియల్, కథలోని ముఖ్యపాత్రను కాల్చినదెవరో బయటపెట్టిన ఎపిసోడ్‌తో, ఆ డిబేట్‌ను కూడా మించిపోయింది. సీరియళ్ల పిచ్చి మన ఇళ్లకే పరిమితమని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పవచ్చు.

అసలు ఆ సంఖ్యలో ఎవరెవరున్నారో చూడకుండా పోల్చడం కూడా తప్పే. నీల్సన్ ప్రకటించేది మన టీఆర్పీ లాంటి అంచనా. ఒక్క నిమిషం చూసి ఛానల్ మార్చినవారిని కలుపుకొంటూ పోయిన మొత్తం కాదది, ప్రసారం నడిచినంతసేపు సగటున ఎంతమంది చూస్తున్నారన్న లెక్క. రెండేళ్లు నిండిన ప్రతి ఒక్కరినీ అందులో కలుపుతారు. ఓటు హక్కుతో దానికి సంబంధం లేదు. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో హెచ్1బీ వీసా మీద ఉంటూ, భోజనాల వేళ టీవీ పెట్టుకున్న తెలుగు దంపతులు, పక్కన బొమ్మలతో ఆడుకుంటున్న వారి మూడేళ్ల పాప, ఈ ముగ్గురూ అంచనాలో వీక్షకులే. నవంబరులో ఓటేసేవారు మాత్రం ఒక్కరూ లేరు. అదే సమయానికి హైదరాబాద్‌లో ఉదయం ఆరున్నరకు కాఫీ తాగుతూ ఇంటర్నెట్‌లో చూసినవారు ఏ లెక్కలోనూ లేరు. 2016లో అమెరికాలోనే యూట్యూబ్, ఫేస్‌బుక్, ట్విటర్‌లలో చూసినవారు ఆ 8.4 కోట్లకు బయటే ఉండిపోయారు. బార్లలో, హోటళ్లలో గుంపుగా చూసినవారి సంగతీ దాదాపు అంతే. ఇంటి బయటి వీక్షణను జాతీయ లెక్కలో కలపడం 2020 నుంచే మొదలైంది.

ఇలా చూస్తే 2016కు కొంత అన్యాయం జరిగినట్టే. పాత లెక్కల పద్ధతి కూడా అంత గట్టిది కాదు. 1980లో టీవీకి అమర్చిన మీటరు, సెట్టు ఏ ఛానల్ మీద ఉందో మాత్రమే చెప్పేది. ఎదురుగా ఎవరు కూర్చున్నారో తెలుసుకోవడానికి కొన్ని కుటుంబాలు రాసిచ్చే డైరీలే ఆధారం. ఎవరు చూస్తున్నారో బటన్ నొక్కి చెప్పే మీటర్లు దేశవ్యాప్తంగా వాడుకలోకి వచ్చింది 1987లో. అందుచేత 8.06, 8.4 కోట్ల మధ్య ఉన్న కొద్దిపాటి తేడా మీద రికార్డు కట్టడం నాకు నచ్చదు. 37కూ 26కూ మధ్య ఉన్న తేడా అలాంటిది కాదు. ఆన్‌లైన్ వీక్షకులను ఉదారంగా కలుపుకున్నా అది పూడుతుందని నేననుకోను.

2016 పక్షాన ఇంతకన్నా బలమైన వాదన మరొకటి ఉంది. 1960లోనూ 1980లోనూ అమెరికన్ ఇంట్లో సాయంత్రమంటే ప్రధానంగా ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ ఛానళ్లే. మూడింటిలోనూ డిబేటే. కేబుల్ అప్పటికి చాలా ఇళ్లకు చేరలేదు. సీఎన్ఎన్ 1980 జూన్‌లోనే పుట్టింది. డిబేట్ వద్దనుకుంటే టీవీ కట్టేయడం తప్ప చాలామందికి మరో దారి లేదు. మన దగ్గర దూరదర్శన్ ఒక్కటే ఉన్న రోజుల్లో ఏది వస్తే అదే చూసిన తరానికి ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. 2016 నాటి ప్రేక్షకుడి ముందు వందల ఛానళ్లు, నెట్‌ఫ్లిక్స్, చేతిలో ఫోను ఉన్నాయి. అదే సోమవారం రాత్రి ఈఎస్‌పీఎన్‌లో ఫాల్కన్స్, సెయింట్స్ జట్ల ఫుట్‌బాల్ మ్యాచ్ కూడా నడిచింది. అన్నిటినీ కాదనుకుని వచ్చిన 26 మందికి, వేరే ఛానల్ లేక కూర్చున్న 37 మంది కన్నా ఎక్కువ విలువ ఇవ్వాలని ఎవరైనా అంటే కొట్టిపారేయలేను. జనాసక్తిని కొలవడమే మీ ఉద్దేశమైతే 2016నే ఎంచుకోండి.

కానీ నిర్బంధ ప్రేక్షకులన్న మాట 1960కి పూర్తిగా అతకదు. అప్పుడు జరిగినవి నాలుగు డిబేట్లు. కొత్త వింత అయితే రెండోదానికే జనం పలచబడాలి. నాలుగోదాన్ని కూడా 6 కోట్లకు పైగా చూశారు. మొదటినుంచి చివరికి పోయింది పదో వంతులోపే. టీవీ కట్టేసే స్వేచ్ఛ వాళ్లకూ ఉంది కదా! 2016లో రెండో డిబేట్‌కే సంఖ్య 6.65 కోట్లకు పడిపోయింది, మూడోదానికి 7.16 కోట్లకు కోలుకుంది. నిలకడ విషయంలో 1960 ముందు మిగతావి ఆగవు. పరిమాణంలో దానికి నేను మొదటి స్థానం ఇవ్వడానికి ఆ 37 శాతం ఎంత కారణమో, ఈ నాలుగు రాత్రులూ అంతే కారణం.

చూసిన చూపు ఓటు దాకా వెళ్లిందా అని అడిగితే మాత్రం 1980కే నా మొగ్గు. కార్టర్, రీగన్ ముఖాముఖి తలపడింది ఒక్కసారే, అదీ పోలింగ్‌కు సరిగ్గా వారం ముందు. నాలుగేళ్ల కిందటికన్నా ఇప్పుడు మీ పరిస్థితి మెరుగ్గా ఉందా అని రీగన్ చివర్లో అడిగిన ప్రశ్న, నిరుద్యోగం, ధరల పెరుగుదల మధ్య నలుగుతున్న ఇళ్లలోకి నేరుగా వెళ్లింది. అంతకు ముందు నువ్వా నేనా అన్నట్టున్న పోటీలో ఆయన 44 రాష్ట్రాలు గెలిచారు. ఘనతంతా డిబేట్‌కే కట్టబెట్టలేం. ఇరాన్‌లో అమెరికన్లను బందీలుగా పట్టుకున్న వ్యవహారం చివరి రోజుల దాకా కార్టర్‌ను వెంటాడింది. అయినా మరచిపోయే వ్యవధి లేనంత దగ్గరగా జరగడం దాని బలం. 2016లో మొదటి డిబేట్ నెగ్గింది క్లింటనేనని సర్వేలు చెప్పాయి. ఎన్నికకు ఇంకా ఆరు వారాలుంది, ఆమె ఓడిపోయారు.

ఇక 2024 సంగతి. జూన్ 27న సీఎన్ఎన్ నిర్వహించిన బైడెన్, ట్రంప్‌ల డిబేట్‌కు 5.13 కోట్ల మందే వచ్చారు. పై మూడింటిలో దేనికీ దరిదాపుల్లో లేని సంఖ్య. అయినా జులై 21న బైడెన్ పోటీ నుంచి తప్పుకున్నారు. ఒక డిబేట్ తర్వాత అభ్యర్థే మారిపోవడం అంతకుముందు ఎన్నడూ జరగలేదు. సెప్టెంబరు 10న, బైడెన్ స్థానంలో బరిలోకి దిగిన హారిస్, ట్రంప్‌ల డిబేట్‌ను 6.71 కోట్ల మంది చూశారు. ఆ రాత్రి హారిస్‌దే పైచేయి అని సర్వేలన్నాయి, నవంబరులో గెలిచింది ట్రంప్.