ఒక్క ఏడాదే మిగిలిన తార ఆటగాడు: అమ్ముకోవడం మేలా, అట్టిపెట్టుకోవడం మేలా?

అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో టైటిల్ పోరైన వరల్డ్ సిరీస్ ముగిసిన నాటి నుంచి ఫిబ్రవరిలో శిక్షణ శిబిరాలు మొదలయ్యే వరకు మైదానాలు ఖాళీగానే ఉంటాయి గానీ, జట్టు యాజమాన్యాలకు ఊపిరాడనిది ఆ కాలమే. అప్పుడు తీసుకోవలసిన నిర్ణయాలలో అన్నిటికన్నా చిక్కైనది ఒప్పందంలో ఒక్క సీజన్ మాత్రమే మిగిలిన గొప్ప ఆటగాడి సంగతి. ఆరేళ్ల సర్వీసు పూర్తయిన ఆటగాడు, దీర్ఘకాల ఒప్పందమేదీ లేకపోతే, ఫ్రీ ఏజెంట్‌గా నచ్చిన జట్టుకు వెళ్లిపోవచ్చు. ఐపీఎల్‌లో మాదిరి రిటెన్షన్ పేరుతో ఆపే వీలు అక్కడ లేదు. కాబట్టి ఆ చివరి ఏడాదికి ముందే అతణ్ని ఇచ్చి నలుగురైదుగురిని తెచ్చుకోవాలి, లేదా అతనితోనే ఆడి, గెలవగలిగినంత గెలిచి, పోతే పోనీ అనుకోవాలి. ముందుగానే పెద్ద ఒప్పందం రాయించుకోవడం మూడో దారి. అయితే తన ఆటగాళ్లను బయటి మార్కెట్‌కే నడిపించే స్కాట్ బోరాస్ వంటి ఏజెంటు ఉన్న ఆటగాడి విషయంలో అది దాదాపు మూసుకుపోయిన దారే.

మొదటి రెండు దారులనూ ఒకే ఆటగాడి మీద పోల్చి చూసే అవకాశం 2023 డిసెంబరులో దొరికింది. శాన్ డియాగో పాడ్రేస్ జట్టు పాతికేళ్ల బ్యాటర్ హువాన్ సోటోను న్యూయార్క్ యాంకీస్‌కు ఇచ్చేసింది. అతను ఏడాది తర్వాత బయటి మార్కెట్‌కు వెళ్తాడని ఇరుపక్షాలకూ తెలుసు. అంతకుముందే, 2022లో, వాషింగ్టన్ నేషనల్స్ ఇవ్వజూపిన 15 ఏళ్ల, 44 కోట్ల డాలర్ల ఒప్పందాన్ని అతను కాదన్నాడు.

అమ్మిన పక్షాన్ని ముందుగా చూద్దాం. 2023లో పాడ్రేస్ జీతాల పద్దు లీగ్‌లోనే అతి పెద్దవాటిలో ఒకటి, అయినా జట్టు 82 ఆటలు గెలిచి 80 ఓడి ప్లేఆఫ్స్‌కు దూరమైంది. మ్యాచ్‌లను ప్రసారం చేసే స్థానిక టీవీ సంస్థ ఆ ఏడాది మధ్యలో చెల్లింపులు ఆపేయడంతో పెద్ద ఆదాయం కుదుపుకు లోనైంది. నవంబరులో జట్టు యజమాని పీటర్ సైడ్లర్ కన్నుమూశారు. ఇవి చాలవన్నట్టు, ఉత్తమ పిచర్‌కు (బంతి వేసేవాడికి) ఇచ్చే సై యంగ్ అవార్డును ఆ ఏడు గెలిచిన బ్లేక్ స్నెల్, సెత్ లూగో, మైకేల్ వాకా ముగ్గురూ ఫ్రీ ఏజెంట్లయ్యారు. అంటే ఆటను మొదలుపెట్టే పిచర్ల వరుస సగానికి పైగా ఖాళీ అయింది. ఆ స్థితిలో ఒక్క బ్యాటర్‌కు ఏడాదికి 3 కోట్ల డాలర్లకు మించి చెల్లించడమంటే ఇంటికి పునాది వేయకుండా మేడ మీద రంగులు వేయించడమే. చివరకు యాంకీస్ అతనికి 2024కు కట్టిన జీతం 3.1 కోట్లు.

సోటోతో పాటు ట్రెంట్ గ్రిషమ్‌ను కూడా ఇచ్చి పాడ్రేస్ తెచ్చుకున్నది మైకేల్ కింగ్, డ్రూ థోర్ప్, జోనీ బ్రిటో, రాండీ వాస్కెజ్ అనే నలుగురు పిచర్లను, కైల్ హిగషియోకా అనే క్యాచర్‌ను (వికెట్ కీపర్ వంటివాణ్ని). పదేళ్ల తర్వాత ఫలిస్తారన్న కుర్రాళ్లను కాక, మరుసటి ఏప్రిల్‌లోనే బంతి పట్టగలవారిని అడగడంలోనే వారి తెలివి ఉంది. కింగ్ ఆ సీజన్‌లో తొమ్మిది ఇన్నింగ్స్‌కు, అంటే ఒక పూర్తి ఆటకు, సగటున 2.95 పరుగులే ఇచ్చి 201 మందిని స్ట్రైక్ అవుట్ చేశాడు; అక్టోబరులో అట్లాంటాపై తొలి ప్లేఆఫ్ ఆటలో ఏడు ఇన్నింగ్స్ వేసి, ఒక్క పరుగూ ఇవ్వకుండా, ఒక్కరినీ ఉచితంగా బేస్‌కు పంపకుండా పన్నెండు మందిని వెనక్కి పంపాడు. థోర్ప్‌నైతే పాడ్రేస్ తరఫున ఆడించనే లేదు. మార్చిలోనే అతణ్ని మరికొందరితో కలిపి షికాగో వైట్ సాక్స్‌కు ఇచ్చి డిలన్ సీజ్‌ను తెచ్చారు. ఆ సీజ్ జూలై 25న నో-హిట్టర్ (ప్రత్యర్థికి ఒక్క హిట్ కూడా ఇవ్వని ఆట) సాధించాడు, అదీ సోటోను మొదట అమ్ముకున్న వాషింగ్టన్‌పైనే. కింగ్, సీజ్‌ల జీతాలు కలిపినా సోటో జీతంలో సగానికి చేరవు. పాడ్రేస్ ఆ ఏడాది 93 ఆటలు గెలిచింది.

అయితే ఈ లెక్కలో అదృష్టం పాలు కూడా ఉందని ఒప్పుకోవాలి. సోటో, గ్రిషమ్ వెళ్లాక ఔట్‌ఫీల్డ్‌లో పడిన ఖాళీలలో ఒకదాన్ని 10 లక్షల డాలర్లకు దొరికిన జురిక్సన్ ప్రొఫార్, మరోదాన్ని అప్పటిదాకా ఇన్‌ఫీల్డ్‌లో షార్ట్‌స్టాప్‌గా ఆడిన ఇరవై ఏళ్ల జాక్సన్ మెరిల్ పూరించారు. ఇద్దరూ ఆల్‌స్టార్లయ్యారు, తలా 24 హోమ్ రన్లు (క్రికెట్‌లో సిక్సర్ల వంటివి) కొట్టారు. ఏ యాజమాన్యమూ దీన్ని ప్రణాళిక అని చెప్పుకోకూడదు.

ఇక అతణ్ని తెచ్చుకుని, మళ్లీ అమ్మకుండా ఆ చివరి ఏడాదంతా అట్టిపెట్టుకున్న పక్షం. యాంకీస్ కూడా 2023లో 82 ఆటలే గెలిచింది, కానీ దాని లోటు వేరు: జట్టు ప్రధాన బ్యాటర్ ఆరన్ జడ్జ్‌కు ముందు బేస్ మీద నిలబడేవాడు లేడు. సోటో 41 హోమ్ రన్లు కొట్టి, 129 సార్లు వాక్ తీసుకుని (ఉచితంగా బేస్‌కు చేరి) ఆ లోటును పూర్తిగా తీర్చాడు. అక్టోబరు 19న క్లీవ్‌లాండ్‌లో, పదో ఇన్నింగ్స్‌లో, ఇద్దరు అవుటై, ఇద్దరు బేస్‌ల మీద ఉండగా హంటర్ గాడిస్ వేస్తున్న మంచి బంతులను ఒకదాని తర్వాత ఒకటి ఫౌల్‌గా పక్కకు నెడుతూ వచ్చి, ఏడో బంతిని కంచె దాటించాడు. 2009 తర్వాత యాంకీస్ వరల్డ్ సిరీస్‌కు చేరింది ఆ దెబ్బతోనే. అక్కడ డాడ్జర్స్ చేతిలో 4–1తో ఓడింది. డిసెంబరులో సోటో 15 ఏళ్లకు 76.5 కోట్ల డాలర్ల ఒప్పందంతో మెట్స్‌కు వెళ్లిపోయాడు. యాంకీస్ 16 ఏళ్లకు 76 కోట్లు ఇవ్వజూపినట్టు వార్తలు వచ్చాయి. జీతాల పద్దు పరిమితి దాటినందుకు లగ్జరీ ట్యాక్స్ కట్టే జట్టు కావడంతో పరిహారంగా దానికి దక్కినది కొత్త కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో నాలుగో రౌండ్ తర్వాతి ఎంపిక ఒక్కటే.

పైకి నష్టంగా కనిపించే ఈ వ్యవహారంలో యాంకీస్‌కు మిగిలింది డబ్బు. దానితో మాక్స్ ఫ్రీడ్‌ను 8 ఏళ్లకు 21.8 కోట్లకు తీసుకుంది, అతను 2025లో 19 ఆటలు గెలిపించాడు. సోటోతో 94 గెలిచిన జట్టు సోటో లేకుండానూ సరిగ్గా 94 గెలిచింది.

నా తీర్పు ఇది: ఖజానా పరిమితమై, పిచర్ల కొరత ఉన్న జట్టుకు చివరి ఏడాదికి ముందు అమ్మడమే మేలు, అదీ వెంటనే ఆడగల వారిని తెచ్చుకుంటేనే. ఒక్క లోటు తీరితే టైటిల్ దాకా వెళ్లగలిగి, ఆటగాడు పోయినా ఆ సొమ్మును మళ్లీ మార్కెట్‌లో పెట్టగల జట్టుకు అట్టిపెట్టుకోవడం మేలు. నేషనల్స్ రెండున్నరేళ్లు మిగిలి ఉండగానే అమ్మి, జేమ్స్ వుడ్, సీజే అబ్రామ్స్, మెకెంజీ గోర్ వంటి భావి ఆల్‌స్టార్లను పొంది కూడా 2025లో 66 ఆటలే గెలిచింది. తెచ్చుకున్నవారి చుట్టూ జట్టును కట్టకపోతే మంచి బేరం కూడా నిలబెట్టదు.

2025 సీజన్ ముగిశాక ఇదే ప్రశ్న డెట్రాయిట్ టైగర్స్ ముందుకు వచ్చింది. 2024, 2025 సై యంగ్ అవార్డులు రెండూ గెలిచిన తారిక్ స్కూబల్ ఒప్పందం 2026తో ముగుస్తుంది. ప్లేఆఫ్స్‌లో సియాటిల్‌పై పదిహేను ఇన్నింగ్స్ సాగిన చివరి ఆటలో అతను ఆరు ఇన్నింగ్స్‌లో పదమూడు మందిని స్ట్రైక్ అవుట్ చేసి దిగిపోయిన తర్వాతే ఆ జట్టు ఓడింది. అంటే దానికి కొరత బ్యాటింగ్‌లో ఉంది, పిచర్‌ను అమ్మి బ్యాటర్లను తేవాలన్న వాదన అక్కడి నుంచే పుడుతుంది. అయినా వరుసగా రెండేళ్లు ప్లేఆఫ్స్ ఆడిన జట్టు అతణ్ని అట్టిపెట్టుకుని, బ్యాటర్లను ఫ్రీ ఏజెంట్లలోంచి కొనుక్కోవడమే నయమని నేననుకుంటాను. ఎందుకంటే స్కూబల్‌కు సాటి వచ్చే పిచర్‌ను తిరిగి ఇవ్వగల జట్టు ఏదీ అతని కోసం బేరానికి రాదు.