రాగి ల్యాండ్‌లైన్లు తీసేసి ఐపీ ఫోన్లకు మారాం: ఏళ్ల తరబడి వాడాక నా మాట

ఆఫీసులో పాత రాగి లైన్లన్నీ తీయించి ఇంటర్నెట్ మీద నడిచే ఫోన్లు పెట్టించి ఏళ్లవుతోంది. మళ్లీ పాతదానికి వెళ్లమంటే వెళ్లను. కాకపోతే ఫోన్లు అమ్మేవాళ్లు చూపించేదంతా మాట్లాడే ఫోన్ల గురించే, మన ప్రాణం తీసేది మాత్రం ఎవరూ రిసీవర్ ఎత్తని లైన్లు. మారాలనుకునేవాళ్లు ముందు వాటి సంగతి చూసుకోండి.

బిల్లు ముందు పెట్టుకుని ఒక్కో నంబరూ ఎక్కడికి పోతోందో వెతికించండి. రిసెప్షన్, అకౌంట్స్ నంబర్లు అందరికీ తెలుసు. మిగిలినవాటి వెనకాల లిఫ్టులో ఎమర్జెన్సీ బటన్ ఉంటుంది, ఫైర్ అలారం ప్యానెల్ ఉంటుంది, దొంగల అలారం, పాత కార్డు మిషన్, ఫ్యాక్స్, ఇలా ఏదైనా ఉండొచ్చు. ఏ తీగ ఎటు పోతోందో కాగితాల్లో దొరకదు, టెక్నీషియన్ టోనర్ (తీగలోకి శబ్దం పంపి అది ఎటు పోతోందో కనిపెట్టే పరికరం) పెట్టి వెతకాల్సిందే. విసుగు పుట్టించే పనే, కానీ ఇది పూర్తి కాకుండా ఒక్క లైను కూడా కట్ చేయించొద్దు.

ఫైర్ అలారం గురించి కాస్త వివరంగా చెప్పాలి. పాత ప్యానెల్ తనే డయల్ చేసి మానిటరింగ్ సెంటర్‌కి టోన్ల రూపంలో సమాచారం పంపుతుంది, అటునుంచి జవాబు టోన్ వచ్చేదాకా ఆగుతుంది. రాగి తీగ మీద ఆ టోన్లు చెదరకుండా వెళ్తాయి. ఇంటర్నెట్ ఫోన్‌లో మాటను ముక్కలు చేసి, కొన్ని పద్ధతుల్లో కుదించి మరీ పంపుతారు. మన చెవి సర్దుకుంటుంది, మిషన్ సర్దుకోదు. అందుకే పాత పరికరాన్ని ఇంటర్నెట్ ఫోన్ లైనుకి కలిపే అడాప్టర్ తగిలించి పరీక్షిస్తే సిగ్నల్ ఒకసారి వెళ్తుంది, ఇంకోసారి వెళ్లదు. నిప్పు అంటుకున్నప్పుడు "ఇంకోసారి" అంటే కుదరదు కదా! మేం అలారాలకి మొబైల్ సిమ్ మీద సమాచారం పంపే కమ్యూనికేటర్ పెట్టించాం, లిఫ్టుకి బ్యాటరీ ఉన్న సిమ్ గేట్‌వే, అంటే లిఫ్టు ఫోన్‌ని మొబైల్ నెట్‌వర్క్‌కి కలిపే పెట్టె. రెండూ ఇప్పటిదాకా బాగా పనిచేస్తున్నాయి. అలారం మార్చేముందు మానిటరింగ్ వాళ్లతో, బీమా వాళ్లతో మాట్లాడండి. లిఫ్టు బటన్ అప్పుడప్పుడూ నొక్కి అవతలి మనిషికి మన మాట వినిపిస్తోందో లేదో చూడండి, రింగ్ అయిందంటే సరిపోదు.

తర్వాతి టెన్షన్ కరెంటు. రాగి లైనుకి ఎక్స్ఛేంజీ నుంచే 48 వోల్టులు వచ్చేవి, ఆఫీసంతా చీకటైనా మామూలు ఫోన్ మోగేది. ఇప్పుడు ఫైబర్ బాక్సు, రౌటర్, స్విచ్, ఫోన్ అన్నిటికీ మన కరెంటే కావాలి. ఫోన్లకి నెట్‌వర్క్ కేబుల్‌లోనే పవర్ అందించే పీఓఈ స్విచ్ తీసుకుని దాన్ని యూపీఎస్‌కి కలిపితే బల్లల దగ్గర విడిగా ఏమీ పెట్టక్కర్లేదు. ఫైబర్ బాక్సు వేరే గదిలో ఉంటే దానికీ యూపీఎస్ లైను లాగించండి, మధ్యలో ఏ ఒక్కటి ఆగినా ఫోన్లన్నీ మూగబోతాయి. యూపీఎస్‌లో ఉండే మామూలు లెడ్-యాసిడ్ బ్యాటరీ మూడు నుంచి ఐదేళ్లకి దిగిపోతుంది, ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

మాట నాణ్యత మాత్రం నిజంగా బాగుంది. పాత లైన్లలో వానపడితే చాలు గరగర మొదలయ్యేది, జాయింట్లలో తడి చేరితే చెప్పిందే రెండుసార్లు చెప్పాల్సివచ్చేది, ఇప్పుడా గొడవే లేదు. ఒక్కో కాల్‌కి ఒక్కో వైపుకీ సెకనుకి 90 కిలోబిట్లలోపే పడుతుంది కాబట్టి స్పీడ్ పెద్ద సమస్య కాదు. అయితే ఎవరో పెద్ద ఫైళ్లు అప్‌లోడ్ చేస్తుంటే మాట తెగుతుంది. రౌటర్‌లో వాయిస్‌కి మొదటి ప్రాధాన్యం ఇప్పించాక మాకు అది తగ్గింది. ఒకవైపు మాట మాత్రమే వినబడటం, కాల్ మధ్యలో కట్ అవడం లాంటివి వస్తుంటే రౌటర్‌లో ఎస్‌ఐపీ ఏఎల్‌జీ అనే సెట్టింగ్ (ఇంటర్నెట్ కాల్స్ సమాచారాన్ని మధ్యలో మార్చేది) ఉందేమో చూసి ఆపేయండి, చాలాసార్లు కారణం అదే.

ఫ్యాక్స్ గురించి క్లుప్తంగా: ఇంటర్నెట్ మీద ఫ్యాక్స్ పంపే టీ.38 అనే పద్ధతికి సపోర్ట్ ఉంటే నడుస్తుంది, లేకపోతే పేజీలు సగంలో ఆగుతాయి. మేం ఈమెయిల్‌కి వచ్చే ఫ్యాక్స్ సర్వీసుకి మారిపోయాం.

నంబర్లు పోకుండా చూసుకోవడం మీ చేతిలోనే ఉంది. పోర్టింగ్ పూర్తయ్యేదాకా పాత కనెక్షన్ రద్దు చేయమని అడగకండి. రద్దయిన నంబర్ని పోర్ట్ చేయడం దాదాపు కుదరదు, కస్టమర్లందరి దగ్గరా ఉన్న నంబర్ అలా పోతే వ్యాపారానికే దెబ్బ. బిల్లులో పేరు, అడ్రస్ ఎలా ఉంటే ఫారంలో అక్షరం తేడా లేకుండా అలాగే రాయండి. పాత ఇంటర్నెట్ కూడా ఆ రాగి తీగ మీదే వస్తుంటే, లైనుతో పాటు అదీ పోతుందని గుర్తుంచుకోండి. ఎమర్జెన్సీ కాల్ చేస్తే ఏ అడ్రస్ కనబడుతుందో కూడా సర్వీసు వాళ్ల దగ్గర సరిచూసుకోవాలి, ముఖ్యంగా బ్రాంచీలు ఉంటే.

సెక్యూరిటీని తేలిగ్గా తీసుకోవద్దు. బలహీనమైన పాస్‌వర్డ్ దొరికితే రాత్రికి రాత్రే మీ లైన్ల మీద విదేశాలకి ఖరీదైన కాల్స్ చేసేస్తారు. అవసరం లేని ఎక్స్‌టెన్షన్లకి అంతర్జాతీయ కాల్స్ మూయించి, ఖర్చుకి ఒక పరిమితి పెట్టించాం.

వాయిదా వేద్దామనుకునేవాళ్లకి ఒక మాట: బ్రిటన్‌లో 2027 జనవరి చివరికల్లా పాత ఫోన్ నెట్‌వర్క్‌ని ఆపేస్తున్నారు. చాలా దేశాలు అదే దారిలో ఉన్నాయి, పాత పరికరాలకి విడిభాగాలు, తెలిసిన టెక్నీషియన్లు దొరకడం రానురాను కష్టమవుతోంది.

మాకు ఇంకా తేలనిది ఒక్కటే, గేటు దగ్గరి సెక్యూరిటీ ఫోన్. నెట్‌వర్క్ కేబుల్‌కి 100 మీటర్ల హద్దు, గేటేమో అంతకంటే దూరం. ప్రస్తుతానికి లోపల అడాప్టర్ పెట్టి ఆవరణలోని పాత తీగ జత మీదే దాన్ని నడిపిస్తున్నాం. ఆ తీగ పాడైతే ఫైబర్ లాగించాలి.